నల్లగుడ్డ నీళ్ళు

నరసాపురం దిగువన సముద్రపు ఒడ్డు. కాలువలకి నీళ్ళు కట్టేసిన వేసవి, మిట్టమధ్యాహ్నం. ఊరివాళ్ళు చేపలు ఎండబెట్టుకునే ఇసకలో గాజుపెట్టెలు వరసగా ఎండకి వాలి ఉన్నాయి. ఒక్కో పెట్టెలో ఒక్కో నల్లగుడ్డ, పక్కన మంచినీళ్ళు పడే క్యాన్. వాటికి కాపలా బుల్లిరాజు. ఆ పెట్టెలు తెచ్చి పెట్టిన తణుకు అమ్మాయి పావని అతని తాటాకు పాకలో కూర్చుని ఉంది. ఇవాళ ఆమె రాకుండా ఉంటే బాగుండునని బుల్లిరాజుకి పొద్దుటి నుంచీ ఉంది.

“మళ్ళీ చెప్పండి బాబాయిగారూ. ఎవరూ ముట్టుకోలేదు?”

“లేదండి.”

“పిల్లలు?”

“లేదండి.”

“కుక్కలు?”

“కుక్కలు గాజుపెట్టె మూత తీస్తాయాండి?”

“అంటే ఎవరో మూత తీశారన్నమాట.”

“నేనలా అన్లేదండి.”

“మూత అన్న మాట మీరే ఎత్తారు.”

“కుక్క అన్న మాట మీరెత్తారు. టీ తాగండి, చల్లారిపోద్ది.”

“తాగుతాను. ముందు ఇది చెప్పండి. పోయిన వారం ఈపాటికి క్యాన్లన్నీ నిండిపోయేవి. శుక్రవారం నుంచి తగ్గుతూ తగ్గుతూ, ఇవాళ అడుగు తడవలేదు. ఎండ తగ్గిందా?”

“ఎండెక్కడ తగ్గిందండి, మాడు పగిలిపోతుంటే.”

“సముద్రం ఎండిపోయిందా?”

“మీరు వెటకారం ఆడుతున్నారు.”

“ఆడట్లేదు. నాకు ఏడుపొస్తోంది. తగ్గుతున్నాయని నిన్న నేను ఫోన్ చేసి అడిగేదాకా మీరెందుకు చెప్పలేదు?”

“మీరడగలేదు కదండి.”

“రేపు పొద్దున్న ఈ పెట్టెలకి డబ్బిచ్చిన పెద్దవాళ్ళు వస్తున్నారు. వాళ్ళు చూసేది రెండే. నీళ్ళు పడుతున్నాయా, ఊళ్ళోవాళ్ళు తాగుతున్నారా. ఏ ఒక్కటి లేకపోయినా పెట్టెలన్నీ లారీ ఎక్కించి ఇంకో ఊరు పట్టుకుపోతారు.”

“పోతే పోనీండి. చేపలు ఎండేసుకునే చోటు మాకు మిగుల్తుంది.”

“అదీ! ఇప్పుడు బయటికొచ్చింది.”

“ఏవొచ్చిందండి?”

“మీకు మొదట్నుంచీ ఇష్టం లేదు.”

“ఇష్టం లేకపోతే కాపలా ఎందుకుంటానండి?”

“నేనూ అదే ఆలోచిస్తున్నాను.”

“ఆలోచిస్తూ ఆ టీ తాగండి.”

“ఊఁ. టీ మాత్రం చాలా బాగుంది.”

“ఆయ్. ఈ మధ్యే అలా కుదురుతోంది మా చిట్టెమ్మకి. పాలు మారాయేమో అనుకున్నాను. అడిగితే లేదంటది. ఇన్నేళ్ళకి చెయ్యి తిరిగింది మనిషికి.”

“మాట మార్చకండి. శ్రీదుర్గ ఎలా ఉంది?”

“బానే ఉందండి.”

“నర్సు రాణిగారు రేవు దగ్గర కనిపించారు. మీ అమ్మాయికి కాళ్ళవాపు తగ్గట్లేదంట, బీపీ దిగట్లేదంట. పురుడు చూస్తే వచ్చే నెల. నరసాపురం డాక్టరమ్మ ఉప్పునీళ్ళు ముట్టుకోవద్దని చెప్పే పంపింది కదా?”

“చెప్పిందండి.”

“మన నీళ్ళే తాగుతోందిగా?”

“ఆయ్.”

“మన గుడ్డనీళ్ళే?”

“ఆయ్ అన్నాను కదండి. కొబ్బరినీళ్ళలా ఉన్నాయంటోంది.”

“మరి వాపెందుకు తగ్గలేదు?”

“నేనేమన్నా డాక్టర్నాండి?”

“రాత్రంతా నిద్రలేదు నాకు. నా నీళ్ళలోనే ఏదన్నా తేడా ఉందేమోనని.”

“ఉందాండి? తేడా?”

“లేదు. పరీక్ష చేయించాను. ఎందుకంత గబుక్కున అడిగారు?”

“ఊరికినేనండి. ఆ గుడ్డకి నల్లటి మందేదో పూశారు కదా. అది నీళ్ళలోకి దిగదా అని.”

“మొదటిరోజే చెప్పాను కదా. గుడ్డ కింది అంచు తొట్టిలో, సముద్రపు నీళ్ళలో మునిగి ఉంటుంది. వత్తి ప్రమిదలో నూనె పీల్చినట్టు, గుడ్డ ఆ నీళ్ళని పైకి పీలుస్తుంది. నల్లపూత ఎండని పట్టుకుని గుడ్డని వేడెక్కిస్తుంది. నీళ్ళు ఆవిరై పైన గాజుకి తగిలి, జారి క్యాన్లో పడతాయి. అన్నం గిన్నె మూతకి నీళ్ళు పడతాయి చూడండి, అలా. మూతకి పట్టిన నీళ్ళలో మెతుకులుంటాయా? ఉప్పు కిందే ఉండిపోతుంది, పూతా కిందే ఉండిపోతుంది.”

“బాగా చెప్తారండి మీరు.”

“నమ్మరు కానీ.”

“బాగా చెప్పినవాళ్ళని చానామందిని చూశామండి. రొయ్యల చెరువులు తవ్వినవాళ్ళు ఇంకా బాగా చెప్పారు. మా నూతులు ఉప్పు తిరిగాక ఒక్కడూ ఇటు రాలేదు.”

“నేను వస్తూనే ఉన్నానుగా. సరే, లేవండి. ఇటు వచ్చి ఈ పెట్టె చూడండి. గుడ్డ ఎలా ఉంది?”

“ఎండిపోయిందండి.”

“కింద తొట్టి?”

“నిండా ఉందండి.”

“తొట్టినిండా నీళ్ళుంటే గుడ్డ ఎందుకు ఎండిపోయింది? పీల్చట్లేదు. ఎందుకు పీల్చట్లేదు? కింది అంచు పట్టుకుని చూడండి.”

“ఎందుకులెండి.”

“పట్టుకోండి బాబాయిగారూ.”

“జిడ్డుగా ఉందండి.”

“ఒక్కదానికి కాదు. అన్నింటికీ. నూనె పట్టిన గుడ్డకి నీళ్ళెక్కుతాయా?”

“బోట్లలోంచి కారిన డీజిల్ అయ్యుంటుందండి. సముద్రమంతా డీజిలే కదా.”

“వాసన చూడండి.”

“జలుబండి నాకు.”

“కొబ్బరినూనె! బోట్లు కొబ్బరినూనెతో నడుస్తున్నాయా ఇప్పుడు?”

“ఏమోనండి. డీజిల్ రేటు అలా ఉంది మరి.”

“నన్ను నవ్వించకండి. ఇది కారింది కాదు, చేత్తో రాసింది. పనిగట్టుకుని ఒక్కో మూతా తీసి, అంచు పొడవునా పట్టించారు. మీ భుజమ్మీద తువ్వాలుకి ఆ పసుపేంటి?”

“ఏదండి?”

“దాచకండి. ఇందాకట్నుంచీ దాన్ని లోపలికి మడుస్తూనే ఉన్నారు.”

“కూర మరకండి. పండుగప్ప పులుసు తిని చెయ్యి తుడుచుకున్నాను.”

“ఏదీ, ఇలా ఇవ్వండి. పులుసు వాసన రావట్లేదే. ఇదీ కొబ్బరినూనే.”

“జలుబు తగ్గాక నేనూ చూస్తానండి.”

“బాబాయిగారూ, మీరే రాశారా?”

“లేదండి.”

“రాజేంద్ర రాయించాడా?”

“ఏ రాజేంద్రండి?”

“ఈ ఊళ్ళో ఎంతమంది ఉన్నారు? ట్యాంకర్‌లో నీళ్ళు తెచ్చి అమ్మే రాజేంద్ర. మన నీళ్ళు వస్తే అతని బేరం పోతుంది. మీకేమన్నా ఆశ చూపించాడా?”

“ఆ మాట వెనక్కి తీసుకోండి.”

“మీరు నిజం చెప్పండి, తీసుకుంటాను.”

“ముందు తీసుకోండి.”

“సరే, తీసుకున్నాను. ఇప్పుడు చెప్పండి.”

“రాజేంద్రే చేశాడనుకోండి. అయిపోద్ది కదా.”

“అనుకోవడమేంటి? చేశాడా, లేదా?”

“అనుకోండి, అంటున్నాను.”

“అయితే అతన్నే అడుగుతాను.”

“ఫోనెందుకండి! ఎండనపడి తిరిగే మనిషిని, ఎందుకండి ఇప్పుడు?”

“స్పీకర్‌లో పెడుతున్నాను, మీరూ వినండి. హలో, రాజేంద్రగారేనా? నేను పావనిని. నల్లగుడ్డల అమ్మాయిని. మా గుడ్డలకి కొబ్బరినూనె రాయించారంట?”

“ఏంటండీ? నూనా? నేనాండి? ఎవడండి అన్నది?”

“బుల్లిరాజుగారు.”

“నేననలేదండి. అనుకోమన్నాను.”

“ఏం బావా, నీకిదేం బుద్ధి! మీ అమ్మాయి పురిటికొచ్చిందని తెలిసి, అడక్కుండానే మీ ఇంటికి ఇంకో బిందె పోయిస్తున్నానే! నా మీదా చెప్తావు?”

“ఆగండి రాజేంద్రగారూ. మా పెట్టెలు వచ్చాక మీ బేరం దెబ్బతింది కదా?”

“ఎక్కడ దెబ్బతిందండి? ఒక్క బిందె తగ్గితే ఒట్టు. ఎండలు ముదిరాక ఇంకా పెరిగింది. మీ గుడ్డలు ఉన్నా నాకొకటే, లేకపోయినా ఒకటే. నా కొబ్బరినూనె నా తలకే చాలట్లేదు, మీ గుడ్డలకి రాస్తానా?”

“తగ్గలేదా? బుల్లిరాజుగారి పేటలో కూడా?”

“ఆ పేటే ఎక్కువండి.”

“పావనమ్మా, ఫోన్ పెట్టెయ్యండి. వేడెక్కిపోద్ది.”

“బుల్లిరాజుగారింట్లో కూడా తీసుకుంటున్నారా?”

“రోజూనండి. ఏం బావా, మాట్లాడవేం?”

“కాలువలు కట్టేశారు కదా రాజేంద్రగారూ. నీళ్ళెక్కడ పడుతున్నారు?”

“అదిప్పుడెందుకులెండి.”

“చెప్పండి.”

“కాలువ పారేటప్పుడు మంచినీళ్ళ చెరువులోనేనండి. ప్రమాణపూర్తిగా. కాలువ కట్టేశాక నన్నేం చెయ్యమంటారు? బోరే.”

“ఎక్కడి బోరు? రొయ్యల చెరువుల పక్కనా?”

“పక్కనంటే మరీ పక్కన కాదండి. నాలిక్కి కాస్త ఉప్పు తగుల్తుంది, అంతే. అందరికీ తెలిసిందే కదండి.”

“నాకు తెలీదు రాజేంద్రా.”

“బావా, నువ్వు కూడా ఏంటి...”

“నాకు తెలీదు. చెరువునీళ్ళన్నావు. మా పిల్ల కడుపుతో ఉంది. చెరువునీళ్ళని చెప్పావు నాకు.”

“అది కాలువ ఉన్నప్పటి మాట బావా. తర్వాత నువ్వడగలేదు, నేను చెప్పలేదు. ఉంటానండి, బండి నిండిపోయి కారిపోతోంది.”

“పెట్టేశాడు.”

“పెట్టేశాడండి.”

“బాబాయిగారూ.”

“ఊఁ.”

“శ్రీదుర్గ మన నీళ్ళు తాగట్లేదు.”

“లేదండి.”

“ఎవరూ తాగట్లేదు.”

“ఎవరన్నా ఒకళ్ళు మొదలెడితే మిగతావాళ్ళూ తాగేవారండి. మొదటి మనిషి లేడు.”

“మరి క్యాన్లు రోజూ ఖాళీ అయ్యేవి! అది చూసి నేను ఎంత సంబరపడ్డానో! మా అమ్మకి కూడా చెప్పాను.”

“కొబ్బరిమొక్కలకి పోశానండి.”

“మొక్కలకా?”

“బాగా లేచాయండి. చూపిస్తాను రండి.”

“కొబ్బరినీళ్ళలా ఉన్నాయని చెప్పారు నాకు!”

“కాపుకొచ్చాక అవే కదండి అయ్యేది.”

“బాబాయిగారూ! ఒక్కసారి, ఒక్క చుక్క, నాలిక మీద వేసుకుని చూశారా?”

“లేదండి. మందుగుడ్డ అది. శ్రీదుర్గకి ఇదివరకు రెండుసార్లు నిలబడలేదు. ఇది మూడోది. దాని కడుపు మీద నేను పరీక్షలు పెట్టలేనండి. వద్దంటే మీరు బాధపడతారని తాగుతున్నామన్నాను.”

“నేను బాధపడతానని. అంతేకానీ నన్ను నమ్మలేదు.”

“ఒక మాట అడగనాండి?”

“అడగండి.”

“మీరొచ్చినప్పుడల్లా ఆ సంచిలో సీసా ఉంటుంది. తణుకు నుంచి తెచ్చుకుంటారు. దాహమేస్తే అదే తాగుతారు. ఈ నీళ్ళు మీరు తాగగా నేను చూళ్ళేదండి.”

“అయ్యో, అది... అది మీ నీళ్ళు కదా అని. మీకే చాలీచాలవు, మీ వాటాలో నేను తాగడమేంటని తెచ్చుకునేదాన్ని.”

“మాకెలా తెలుస్తుందండి? వండినావిడే తినకపోతే ఆ కూర ఎవరు ముట్టుకుంటారు? పేటంతా ఆ సీసానే చూసింది.”

“ఆ సీసా వల్ల!”

“ఆయ్. రాజేంద్ర అలా కాదు. వాడు వాడి ట్యాంకర్ పంపు కిందే దోసిలి పట్టి తాగుతాడు. మా ఊరోడు. వాణ్ణి నమ్మాను.”

“సరే. అదంతా నా తప్పే అనుకోండి. నూనె సంగతి చెప్పండి.”

“నూనె వదిలెయ్యండి.”

“ఎవర్ని కాస్తున్నారు?”

“నేనే రాశాను. రేపు పెద్దవాళ్ళకి అలాగే చెప్పండి. బుల్లిరాజు పాడుచేశాడని.”

“ఇందాక లేదన్నారు.”

“ఇప్పుడు ఔనంటున్నాను.”

“మరి నూనెలో పసుపెందుకు కలిపారు?”

“కలుపుతారు కదండి.”

“దేనికి?”

“దేనికో ఒకదానికండి!”

“ఏవయ్యో! ఏంటా కేకలు? అవతల పిల్లకి ఇప్పుడే కునుకు పట్టింది. అమ్మాయిగారూ, ఎప్పుడొచ్చారు?”

“చిట్టెమ్మా, నువ్వింటికి పో.”

“పిన్నిగారూ, మీరిలా రండి. ఈ గుడ్డ అంచు ఒకసారి చూడండి.”

“పో అన్నానా!”

“అయ్యో, పసుపేదీ? ఎవరు తుడిచేశారమ్మా? ఏవయ్యా, ఆ తువ్వాలు ఇటు తిప్పు. నువ్వా! శుక్రవారం పొద్దున్నే తలకి పోసుకుని, పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా రాశాను. తుడిచి పారేస్తావా?”

“పిన్నిగారూ, రాసింది మీరా?”

“నేనే. కొత్తగుడ్డ కదమ్మా.”

“కొత్తగుడ్డయితే?”

“అదేంటమ్మా, మీ తణుకులో కొత్తబట్టకి పసుపు పెట్టరా? మూలకి పసుపు తగలకుండా కొత్తచీర కట్టేసుకుంటావా నువ్వు?”

“కట్టుకోను. మా అమ్మ ఊరుకోదు.”

“మరి! ఒంటి మీదకే వేసుకోనిదాన్ని కడుపులోకి పోసుకుంటామా? పైగా నల్లగుడ్డ. నా కూతురు చూస్తే నిండు నెలలు. తెచ్చిన నువ్వూ పెట్టలేదు, కాపలా కాసే ఈయనా పెట్టలేదు. ఇన్నాళ్ళూ చూసి చూసి నేనే పెట్టాను.”

“మూలకి చిన్న బొట్టు పెడితే సరిపోయేది కదా పిన్నిగారూ! అంచంతా ఎందుకు రాశారు?”

“ముందు రోజు మూలకే పెట్టానమ్మా. తెల్లారేసరికి ఉప్పునీళ్ళకి కరిగిపోయింది. నిలవాలి కదా అని కొబ్బరినూనెలో కలిపి, గడపకి పట్టించినట్టు పట్టించాను. ఏవయ్యో, ఈ అమ్మాయి నవ్వుతోందా, ఏడుస్తోందా?”

“రెండూను. నీ నూనెకి గుడ్డ నీళ్ళు పీల్చడం మానేసిందే. రేపు పెద్దోళ్ళొచ్చి అన్నీ ఎత్తుకుపోతారంట.”

“నా మూలంగానా? అందుకేనా క్యాన్లో నీళ్ళు తగ్గాయి! ఎవడో కాజేస్తున్నాడని నేను పేటంతా కళ్ళేసుకుని తిరుగుతున్నాను!”

“నీ చెయ్యేనని చూడగానే తెలిసింది. నీ పేరు బయటికి రాకూడదని తుడిచాను. పసుపు పోయింది, జిడ్డు పోలేదు.”

“నాతో చెప్పొచ్చుగా?”

“రాసేముందు నువ్వడగొచ్చుగా?”

“ఆగండి, ఇద్దరూ ఆగండి. కొత్త గుడ్డలు నా దగ్గరున్నాయి. సాయంత్రంలోపు అన్నీ మార్చేస్తాను. రేపు ఎండెక్కేసరికి నీళ్ళు పడతాయి.”

“కొత్తవైతే మళ్ళీ పసుపు పెట్టాలమ్మా.”

“ఒసే చిట్టెమ్మా!”

“పెట్టాల్సిందే.”

“పెట్టండి పిన్నిగారూ. మీ చేత్తోనే పెట్టండి. కానీ కింద వద్దు. పైన, కర్రకి చుట్టిన చోట. అక్కడిదాకా నీళ్ళు రావు.”

“నీళ్ళు రాకపోతే నూనెతో పనేముంది? ఉత్త పసుపే పెడతాను.”

“నీళ్ళ సంగతి సరే. తాగేవాళ్ళ సంగతి? రేపు వాళ్ళడిగితే నేనేం చూపించాలి, కొబ్బరిమొక్కలా?”

“నన్ను చూపించండి.”

“బాబాయిగారూ...”

“నేను తాగుతానండి. రాజేంద్ర నీళ్ళు ఇంక మా గడప ఎక్కవు. కానీ పిల్లకి అప్పుడే కాదు. ముందు నేను తాగుతాను. కొన్నాళ్ళు చూస్తాను. నాకేం కాకపోతే అప్పుడు శ్రీదుర్గకి.”

“నీకేం కాదులే.”

“నీకెలా తెలుసే?”

“తెలుసు.”

“మందుగుడ్డ నీళ్ళే అవి, ఆషామాషీ కాదు. నడుం పట్టేసి శుక్రవారం నుంచి మొక్కలకి నిన్ను పొయ్యమన్నాను. ఒక్క చుక్క ఇంట్లోకి రాకూడదని చెప్పానా, లేదా?”

“చెప్పావు.”

“మొక్కలకే పోస్తున్నావా?”

“అమ్మాయిగారూ, టీ తాగారా? ఎలా ఉంది?”

“చాలా బాగుంది పిన్నిగారూ.”

“మాట మార్చకే. పోస్తున్నావా, లేదా?”

“శుక్రవారం నుంచి నీ టీ, నీ అన్నం, నీ చెంబులో నీళ్ళు అన్నీ అవేనయ్యా. పిల్లకి పట్టేముందు ఎవరో ఒకళ్ళ మీద చూడాలి కదా? నీకేం కాలేదని ఇవాళ పొద్దున్నే దానికీ మొదలెట్టాను.”